బడి ఎగ్గొట్టినా కోర్టుకేనా? అమెరికాలో ‘స్టేటస్ అఫెన్స్’ కేసులపై తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేనేళ్ల కుర్రాడు నెల రోజులుగా సరిగ్గా బడికి వెళ్లడం లేదు. పద్నాలుగేళ్ల అమ్మాయి ఇంట్లో గొడవపడి స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోయింది, రెండు రోజులైనా తిరిగి రాలేదు. ఇవే పనులు పాతికేళ్లవాళ్లు చేస్తే ఎవరూ పట్టించుకోరు. పిల్లలు చేస్తే మాత్రం అమెరికాలో చాలా చోట్ల వ్యవహారం జడ్జి ముందుకు వెళ్తుంది. అక్కడ ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకూ, పిల్లల చట్టాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

స్టేటస్ అఫెన్స్ అంటే ఏమిటి?

మైనర్ కావడం వల్ల మాత్రమే తప్పుగా లెక్కకొచ్చే పని. ముఖ్యంగా ఐదు రకాలు: బడి ఎగ్గొట్టడం, ఇల్లు వదిలి వెళ్లిపోవడం, రాత్రి కర్ఫ్యూ దాటి బయట తిరగడం, మద్యం తాగడం, తల్లిదండ్రుల మాట వినకపోవడం. దొంగతనం, కొట్లాట వంటివి దీని కిందికి రావు. వాటిని ఏ వయసువాళ్లు చేసినా నేరాలే. కోర్టు దాకా వచ్చే స్టేటస్ కేసుల్లో ఎక్కువ భాగం బడి ఎగ్గొట్టడం గురించినవే.

ఇంట్లోనో బడిలోనో తేలాల్సిన విషయానికి కోర్టు ఎందుకు?

1899లో షికాగోలో, అంటే కుక్ కౌంటీలో, మొదటి జువెనైల్ కోర్టు పెట్టినప్పుడు ఉద్దేశం మంచిదే. పిల్లల్ని పెద్దల జైళ్లకు పంపకుండా, తండ్రిలా మందలించి దారిలో పెట్టే జడ్జి ఉండాలనుకున్నారు. తండ్రి స్థానం తీసుకున్నాక నేరానికీ మొండితనానికీ మధ్య గీత చెరిగిపోయింది. దొంగతనం చేసినవాడూ బడి మానేసినవాడూ ఒకే గదిలో, ఒకే జడ్జి ముందు నిలబడ్డారు, చాలాసార్లు ఒకే చోట బందీలయ్యారు.

1960ల మొదట్లో కాలిఫోర్నియా, న్యూయార్క్ వీళ్లను విడిగా చూడటం మొదలుపెట్టాయి. న్యూయార్క్ 1962 చట్టంలో వీళ్లకు ‘పర్యవేక్షణ అవసరమైన వ్యక్తులు’ అని పేరు పెట్టారు. అక్కడ దీన్ని పొట్టిగా ‘పిన్స్’ అంటారు. లేబుల్ మారింది కానీ, పిల్లలు వెళ్లే భవనం చాలా కాలం అదే.

1974 చట్టం వచ్చాక పిల్లల్ని బంధించడం ఆగిపోలేదా?

ఆగాల్సింది. ఇండియానా సెనేటర్ బర్చ్ బే ముందుండి నడిపించిన జువెనైల్ జస్టిస్ అండ్ డెలింక్వెన్సీ ప్రివెన్షన్ యాక్ట్ మీద అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1974 సెప్టెంబర్ 7న సంతకం చేశారు. స్టేటస్ అఫెన్స్ చేసిన పిల్లల్ని తాళం వేసిన చోట ఉంచకూడదన్నది దాని మూల షరతుల్లో ఒకటి. అయితే అది నేరుగా నిషేధం కాదు. ఫెడరల్ గ్రాంట్ కావాలంటే రాష్ట్రాలు ఈ షరతు పాటించాలి, అంతే. పాటించకపోతే డబ్బులో కోత పడుతుంది. వయోమింగ్ ఆ డబ్బే వద్దనుకుని దశాబ్దాల పాటు దూరంగా ఉండిపోయింది.

అసలు చిల్లు 1980లో పడింది. ‘మా ఉత్తర్వును పిల్లలు లెక్కచేయకపోతే మేం చేయగలిగిందేమీ లేకుండా పోయింది’ అని జువెనైల్ జడ్జిలు పట్టుబట్టారు. దాంతో కాంగ్రెస్ ఒక మినహాయింపు చేర్చింది. ‘వ్యాలిడ్ కోర్ట్ ఆర్డర్’ మినహాయింపు అంటారు దాన్ని. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. పిల్లవాడు బడి మానేశాడు. దానికి లోపల వేయడానికి వీల్లేదు. జడ్జి ‘రేపటి నుంచి రోజూ బడికి వెళ్లు’ అని ఉత్తర్వు ఇస్తారు. వాడు మళ్లీ మానేస్తాడు. ఇప్పుడు వాడు మీరింది కోర్టు మాట, కాబట్టి లోపల వేయొచ్చు!

చేసింది అదే పని. మధ్యలో ఒక కాగితం వచ్చి చేరింది. ఈ విషయంలో మిగతా చర్చంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది. బడికి వెళ్లలేని పిల్లవాడికి, కారణమేమిటో తెలుసుకోకుండా ‘బడికి వెళ్లు’ అని ఉత్తర్వు ఇవ్వడమంటే, మీరతాడని తెలిసి ఇవ్వడమే అని నా అభిప్రాయం.

ఆ మినహాయింపు ఇప్పటికీ ఉందా?

ఉంది, కానీ బక్కచిక్కింది. దాన్ని అడిగి తెచ్చుకున్న జడ్జిల జాతీయ సంఘమే 2010లో మనసు మార్చుకుని, క్రమంగా ఎత్తేయమని కోరింది. 2018 డిసెంబర్‌లో వచ్చిన జువెనైల్ జస్టిస్ రిఫార్మ్ యాక్ట్ పూర్తిగా ఎత్తేయలేదు గానీ కొన్ని పగ్గాలు వేసింది. ఉత్తర్వును ఎలా మీరారో జడ్జి రాతపూర్వకంగా చెప్పాలి. ఇంతకంటే తేలికైన మార్గం లేదని తేల్చాలి. 7 రోజులకు మించి ఉంచకూడదు. అదే ఉత్తర్వును పొడిగించుకుంటూ పోకూడదు. విడుదలకు ప్రణాళిక ఉండాలి. చాలా రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా ఈ దారిని పూర్తిగా మూసేశాయి.

7 రోజులంటే తక్కువే కదా అనిపించొచ్చు. పద్నాలుగేళ్ల అమ్మాయికి ఆ వారంలో బడి పోతుంది, ఇంట్లోవాళ్ల మీద నమ్మకం పోతుంది, అప్పటిదాకా తెలియనివాళ్లతో పరిచయాలు అవుతాయి. అందుకే 2018 చట్టాన్ని సగం దూరం వచ్చిన సంస్కరణ అనే అంటాను.

ఇంకో సందు కూడా ఉంది. చిన్న నేరానికి ప్రొబేషన్‌లో, అంటే లోపల వేయకుండా కోర్టు పర్యవేక్షణలో, ఉన్న పిల్లలు స్టేటస్ తప్పు చేస్తే దాన్ని ‘ప్రొబేషన్ ఉల్లంఘన’గా చూస్తారు. 2020లో, కోవిడ్ సమయంలో, మిషిగన్‌లోని ఓక్లాండ్ కౌంటీలో 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయిని ఆన్‌లైన్ హోంవర్క్ చేయలేదన్న కారణంతో డిటెన్షన్‌కు, అంటే పిల్లల నిర్బంధ కేంద్రానికి, పంపారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. చివరికి అప్పీల్ కోర్టు ఆదేశంతో జులై ఆఖరున బయటికొచ్చింది. స్టేటస్ పిల్లల రక్షణ చట్టం ఆమెకు వర్తించలేదు, ఎందుకంటే ఆమె పాత కేసు దాడి, దొంగతనానికి సంబంధించినది.

రోడ్ల మీద ఏమైపోతారోననే కదా లోపల ఉంచేది? అందులో తప్పేముంది?

ఈ ప్రశ్నను తేలిగ్గా తోసేయకూడదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1993లో ఇల్లు వదిలి వెళ్లిన 13 ఏళ్ల అమ్మాయి స్పోకేన్‌లో హత్యకు గురైంది. ‘నా కూతుర్ని ఆపడానికి చట్టంలో దారి లేకపోయింది’ అన్న తల్లిదండ్రుల బాధలోంచి 1995లో ఆమె పేరుతోనే బెక్కా చట్టం వచ్చింది. ఇల్లు వదిలినవాళ్లకూ, బడి మానేసినవాళ్లకూ కోర్టు తలుపులు తెరిచింది.

తర్వాత జరిగిందేమిటంటే, కోర్టు ఉత్తర్వు మీరారన్న కారణంతో స్టేటస్ పిల్లల్ని లోపల వేయడంలో దేశంలోనే వాషింగ్టన్ ముందు వరసకు వచ్చింది. ఒక బిడ్డను కాపాడలేకపోయిన బాధతో తెచ్చిన చట్టం చివరికి వేల మందికి తాళం వేసే చట్టమైంది. 2019లో రాష్ట్రం మళ్లీ చట్టం చేసి, ఈ డిటెన్షన్‌ను దశలవారీగా ఆపాలని నిర్ణయించింది. చివరి దశకు గడువు 2023 జులై 1.

ప్రమాదం నిజమే. ఇంట్లో కొడుతున్నారనో, వేధిస్తున్నారనో బయటికొచ్చినవాళ్లు వీళ్లలో చాలామంది ఉంటారు. తాళం వేసినంతసేపు వీధి ప్రమాదం ఉండదు. తాళం తీశాక వాళ్లను పంపేది మళ్లీ ఆ ఇంటికే. అందుకే రాత్రికి రాత్రి వెళ్లి పడుకోగలిగే, తలుపుకు తాళం లేని షెల్టర్ కావాలి. 1974 చట్టంలోనే భాగంగా వచ్చిన రనవే యూత్ యాక్ట్ ఇలాంటి షెల్టర్లకు ఫెడరల్ డబ్బు ఇచ్చింది. డిటెన్షన్ ఆపేసి షెల్టర్లు పెట్టకపోతే మాత్రం దాన్ని సంస్కరణ అనలేం. చేతులు దులుపుకోవడం అంటారు.

టెక్సస్‌లో బడి ఎగ్గొడితే నేరమేనా?

ఇప్పుడు కాదు. 2015 ఆగస్టు ఆఖరు దాకా నేరమే. బడికి రాకపోవడం క్లాస్ సి మిస్‌డెమీనర్, అంటే జరిమానాతో పోయే చిన్న నేరం. పిల్లలు పెద్దల కోర్టుల్లో, అంటే జస్టిస్ ఆఫ్ ది పీస్, మున్సిపల్ కోర్టుల్లో, నిలబడేవాళ్లు. జరిమానా 500 డాలర్ల దాకా. డాలస్ కౌంటీలో దీనికోసం ప్రత్యేకంగా ట్రూయెన్సీ (బడి ఎగ్గొట్టడం) కోర్టులే ఉండేవి. టెక్సస్ యాపిల్‌సీడ్ అనే సంస్థ లెక్క ప్రకారం 2013లో టెక్సస్ నడిపిన కేసులు సుమారు 1,15,000. మిగతా రాష్ట్రాలన్నీ కలిపినా అందులో సగానికి రావు. 2015 మార్చిలో ఫెడరల్ న్యాయశాఖ డాలస్ కౌంటీ ట్రూయెన్సీ కోర్టుల మీద విచారణ మొదలుపెట్టింది. అదే ఏడాది అసెంబ్లీ హెచ్‌బీ 2398 అనే బిల్లును ఆమోదించింది, గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం చేశారు, సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

కొత్త పద్ధతిలో ఇది సివిల్ వ్యవహారం. 12 ఏళ్లు నిండి 19 రానివాళ్లు, ఒకే విద్యా సంవత్సరంలో ఆరు నెలల్లో 10 రోజులు (రోజులో కొంత భాగమైనా సరే) కారణం లేకుండా మానేస్తేనే కోర్టుకు పంపొచ్చు. అంతకు ముందే బడి తన వంతు ప్రయత్నం చేసి ఉండాలి. పిల్లవాడు మానేస్తున్నది గర్భం వల్లో, ఇల్లు లేకపోవడం వల్లో, ఫోస్టర్ కేర్‌లో (ప్రభుత్వ సంరక్షణలో) ఉండటం వల్లో, ప్రాణాంతకమైన జబ్బు వల్లో, ఇల్లు గడవడానికి తనే సంపాదించాల్సి రావడం వల్లో అయితే అసలు పంపకూడదు. కోర్టు ఉత్తర్వు వినకపోతే 100 డాలర్ల దాకా జరిమానా, డ్రైవింగ్ లైసెన్స్ ఆపడం వంటివి ఉంటాయి. ట్రూయెన్సీ కోర్టుకు లోపల వేసే అధికారం లేదు. పాత కేసుల రికార్డులు తుడిచేయాలని కూడా చట్టంలో రాశారు. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం అదే. కొత్తవాళ్లను వదిలేసి పాతవాళ్ల మీద మచ్చ ఉంచే సంస్కరణలే ఎక్కువగా చూస్తుంటాం.

చెల్లెలి పెళ్లికి మూడు వారాలు ఇండియా వెళ్లొచ్చాం. స్కూల్ నుంచి ట్రూయెన్సీ లెటర్ వచ్చింది. టెన్షన్ పడాలా?

లెటర్ వచ్చినంత మాత్రాన కేసు కాదు. టెక్సస్‌లో నాలుగు వారాల్లో 3 రోజులు కారణం లేకుండా మానేస్తే బడి తల్లిదండ్రులకు నోటీసు పంపి తీరాలి. చాలా లెటర్లు ఈ రకమే. అలాగని డ్రాయర్‌లో పడేయకండి. స్కూల్ ఆఫీసులో అటెండెన్స్ చూసేవాళ్లతో మాట్లాడి, ఏ రోజులు ‘అన్‌ఎక్స్‌క్యూజ్డ్’గా పడ్డాయో రాతపూర్వకంగా తీసుకోండి.

మనవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. ‘మేమే తీసుకెళ్లాం, మాకు తెలిసే జరిగింది కదా’ అనుకుంటారు. తల్లిదండ్రుల అనుమతి ఉన్నంత మాత్రాన సెలవు చెల్లదు. కుటుంబ ప్రయాణాన్ని చాలా స్కూళ్లు సరైన కారణంగా లెక్కించవు. పైగా టెక్సస్‌లో క్లాసు క్రెడిట్ రావాలంటే 90 శాతం హాజరు ఉండాలన్న నియమం వేరే ఉంది. సుదీర్ఘ ప్రయాణమైతే టికెట్ కొనేముందే ప్రిన్సిపాల్‌కు రాయండి. కొన్ని చోట్ల విత్‌డ్రా చేసి, తిరిగొచ్చాక మళ్లీ చేర్చుకోమంటారు. అదే బడిలో సీటు ఉంటుందో లేదో అప్పుడే అడిగి తెలుసుకోండి.

పిల్లలు బడికి వెళ్లకపోతే తల్లిదండ్రులను శిక్షిస్తారా?

చాలా రాష్ట్రాల్లో జరిమానా వేస్తారు. టెక్సస్‌లో తల్లిదండ్రుల నిర్లక్ష్యమని తేలితే మొదటిసారి 100 డాలర్ల దాకా, ఐదోసారికి 500 దాకా పెరుగుతుంది. పెన్సిల్వేనియాలో ఇది మరీ దూరం వెళ్లింది. 2014లో బెర్క్స్ కౌంటీలో ఏడుగురు పిల్లల తల్లి, ట్రూయెన్సీ జరిమానాలు, ఖర్చులు కలిపి 2,000 డాలర్ల దాకా కట్టలేక రెండు రోజుల జైలు శిక్షకు వెళ్లి లోపలే చనిపోయింది. 2016లో ఆ రాష్ట్రం చట్టం మార్చి, కోర్టుకు వెళ్లేముందు బడి, కుటుంబం కలిసి కూర్చుని మాట్లాడాలని పెట్టింది. జైలు అవకాశాన్ని మాత్రం పూర్తిగా తీసేయలేదు.

ఈ కేసుల్లో పిల్లలకు లాయర్‌ను ఇస్తారా?

ఉంటారనుకోవద్దు. 1967లో ఆరిజోనా నుంచి వచ్చిన గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లలకు లాయర్ హక్కు ఇచ్చింది. అది నేరారోపణ ఉండి, నిర్బంధం దాకా వెళ్లగల కేసులకు. స్టేటస్ కేసుల సంగతి రాష్ట్రాలకు వదిలేశారు. వాషింగ్టన్ సుప్రీంకోర్టు 2011లో, మొదటి ట్రూయెన్సీ విచారణలో లాయర్ ఇవ్వాల్సిన రాజ్యాంగ బాధ్యత లేదంది. మొదటి విచారణలో ఇచ్చే ఉత్తర్వే తర్వాత నిర్బంధానికి పునాది అవుతుందని గుర్తుంచుకుంటే, లాయర్ ఎప్పుడు కావాలో ఇట్టే తెలుస్తుంది. మీరు డబ్బు పెట్టుకోగలిగితే మొదటి రోజే పెట్టుకోండి.

కోర్టు కాకపోతే ఇంకేముంది?

మూడు రాష్ట్రాల అనుభవం చూద్దాం.

న్యూయార్క్ 2000ల మొదట్లో పిన్స్ వయసును 18కి పెంచింది. ఒక్కసారిగా వేల మంది కొత్త పిల్లలు కోర్టుకు వస్తారేమోనని భయపడి, నగరం 2002లో ఫ్యామిలీ అసెస్‌మెంట్ ప్రోగ్రాం పెట్టింది. కొడుకు మాట వినడం లేదని వచ్చిన తల్లిని గుమస్తా పిటిషన్ కౌంటర్‌కు పంపేవాడు. ఇప్పుడు సోషల్ వర్కర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. వచ్చినవాళ్లలో చాలామందికి కావలసింది జడ్జి కాదని తేలింది. ఎవరో ఒకరు మధ్యలో కూర్చుంటే చాలు. 2020 నుంచి న్యూయార్క్‌లో పిన్స్ పిల్లలకు డిటెన్షనే లేదు.

మసాచుసెట్స్ 2012లో పాత చట్టం తీసేసి ‘సహాయం కావలసిన బిడ్డ’ అనే పద్ధతి తెచ్చింది. ఈ పిల్లలకు బేడీలు వేయకూడదు, పోలీస్ లాకప్‌లో పెట్టకూడదు. దానితో పాటు ఫ్యామిలీ రిసోర్స్ సెంటర్లు తెరిచారు. పిటిషన్ లేకుండానే నేరుగా వెళ్లొచ్చు.

కనెక్టికట్ 2007లో కోర్టు ఉత్తర్వు మీరినా సరే నిర్బంధించకూడదని నిషేధించి, అదే సమయంలో ఫ్యామిలీ సపోర్ట్ సెంటర్లు పెట్టింది. ఒకటి మూసి రెండోది తెరిచే మధ్యలో ఖాళీ లేకుండా చూసుకుంది. మిగతా రాష్ట్రాలు దాని నుంచి నేర్చుకోవలసింది ఇదే.

రాత్రి కర్ఫ్యూల వల్ల నేరాలు తగ్గుతాయా?

తగ్గినట్టు ఆధారం లేదు. పరిశోధనల ఫలితాలను క్రోడీకరించే క్యాంప్‌బెల్ సంస్థ 2016లో 12 అధ్యయనాలను కలిపి చూసి, పిల్లలు చేసే నేరాల్లోనూ, పిల్లలపై జరిగే నేరాల్లోనూ చెప్పుకోదగ్గ తగ్గుదల లేదని తేల్చింది. 2023లో టెక్సస్ నగరాలు, కౌంటీలు బాలల కర్ఫ్యూ పెట్టకుండా చట్టమే చేసింది. హైదరాబాద్ పాతబస్తీలో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లి కౌన్సెలింగ్ ఇచ్చిన ‘చబుత్రా’ కార్యక్రమాలు గుర్తున్నవాళ్లకు ఈ చర్చ కొత్త కాదు.

అమ్మాయిల మీద ఈ చట్టాల ప్రభావం వేరుగా ఉంటుందా?

ఉంటుంది. న్యూయార్క్‌లో మొదట్లో అబ్బాయిలకు పిన్స్ వయసు 16 దాకా, అమ్మాయిలకు 18 దాకా. అంటే అమ్మాయిల మొండితనం మీద చట్టం రెండేళ్లు ఎక్కువ నిఘా పెట్టింది. 1972లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని కొట్టేసింది. పద్ధతి మాత్రం అంత త్వరగా పోలేదు. ఇల్లు వదిలిన కేసుల్లో ఈనాటికీ అమ్మాయిలే ఎక్కువ. అబ్బాయి రాత్రి ఇంటికి రాకపోతే పొద్దున్న మందలిస్తారు, అమ్మాయి రాకపోతే పోలీసులకు ఫోన్ చేస్తారు. ఈ తేడా మనకేం కొత్త కాదు, మన ఇళ్లలోనూ ఉన్నదే.

మా అబ్బాయి చేయి దాటిపోయాడు. ఒకసారి జడ్జితో చెప్పిస్తే భయం ఉంటుందని పిటిషన్ వేద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

వేసేముందు ఒకటి తెలుసుకోండి. పిటిషన్ పడ్డాక ‘చాలు, ఇంతటితో ఆపండి’ అని మీరు అనుకున్నా అది ఆగకపోవచ్చు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొస్తారు, బడి రికార్డులు తీస్తారు, అవసరమనుకుంటే జడ్జి పిల్లవాడిని ఇంటి బయట ఉంచమని చెప్పొచ్చు. అబ్బాయికి డిప్రెషన్, నేర్చుకోవడంలో ఇబ్బంది, బడిలో వేధింపు లాంటివి ఉన్నాయేమో ముందు చూడండి. బడి ఎగ్గొట్టేవాళ్ల వెనక ఇవి చాలా తరచుగా కనిపిస్తాయి. స్కూల్‌ను ప్రత్యేక అవసరాల పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగడం మీ హక్కు.

వీసా, గ్రీన్‌కార్డ్ మీద ప్రభావం ఉంటుందా?

జువెనైల్ కోర్టు తీర్పు ఇమిగ్రేషన్ చట్టం కింద సాధారణంగా శిక్షగా లెక్కకు రాదు. అలాగని దరఖాస్తులో అడిగిన ప్రశ్నను దాటేయకూడదు. ఫారం నింపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌కు కాగితాలు చూపించండి.

మన దేశంలో ఇలాంటి చట్టం ఉందా?

ఈ రూపంలో లేదు. 1986 జువెనైల్ జస్టిస్ చట్టంలో 17వ సెక్షన్ కింద, ‘బిడ్డ నా అదుపులో లేడు’ అని తల్లిదండ్రులు బోర్డుకు ఫిర్యాదు చేసే వీలుండేది. పిన్స్‌కు దగ్గరి చుట్టం అన్నమాట. ప్రస్తుత 2015 చట్టంలో ఇల్లు వదిలిన పిల్లలను ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’గా చూస్తారు. సికింద్రాబాద్ స్టేషన్‌లోనో విజయవాడ ప్లాట్‌ఫామ్ మీదో దొరికిన పిల్లవాడిని 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలి, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు కాదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడికి పంపే బాధ్యత ప్రభుత్వం మీదా, తల్లిదండ్రుల మీదా పెట్టింది. బడి మానేసిన బిడ్డకు శిక్ష లేదు.

కాగితం మీద మనది అమెరికా కంటే మెరుగు. కానీ ఏ పేరుతో తీసుకెళ్లినా, ఇంటికి పోతానని ఏడ్చే పిల్లవాడికి గేటు మూసిన హోమ్ హోమే. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ముస్కాన్ అంటూ తెలంగాణ పోలీసులు పిల్లల్ని వెతికి తెస్తారు. తెచ్చాక ఇంట్లో ఏం మారిందో చూసేవాళ్లు ఎంతమంది అన్నది అక్కడా ఇక్కడా ఒకే ప్రశ్న.

అమెరికాలో ఉన్నాం. బిడ్డ ఇప్పటికే ఇల్లు వదిలి వెళ్లింది. మొదట ఏం చేయాలి?

పోలీసులకు చెప్పండి. 24 గంటలు ఆగాలన్నది అపోహ. తప్పిపోయిన పిల్లల విషయంలో వేచి ఉండమని చెప్పకూడదని ఫెడరల్ చట్టం ఉంది. ఫిర్యాదు అందిన రెండు గంటల్లో జాతీయ డేటాబేస్‌లో నమోదు చేయాలి. నేషనల్ రనవే సేఫ్‌లైన్ నంబరు 1-800-786-2929. ఇది పిల్లలకూ తల్లిదండ్రులకూ కూడా. నేరుగా మాట్లాడటానికి బిడ్డ ఇష్టపడకపోతే ఇద్దరి మధ్య సందేశాలు వాళ్లే చేరవేస్తారు. తిరిగి రావడానికి ఇద్దరూ ఒప్పుకుంటే గ్రేహౌండ్ బస్సులో ఉచిత టికెట్ కూడా ఏర్పాటు చేస్తారు.